హుజాలు లెక్కలో చేరని ప్రమాణం

కిష్ నగరంలో ఏ బీరు కుండ దగ్గర అడిగినా, హుజాలు నలభై రెండేళ్లలో జబబా స్వామి ఆయుధాన్ని నలభై సార్లు పొలాల మీదికి మోసుకెళ్లాడనే చెబుతారు. హుజాలునే అడిగితే ముప్పై తొమ్మిది అంటాడు. ముసలాయనకు మతిమరుపు వచ్చిందనుకునేరు. ఆ ముప్పై తొమ్మిదీ ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎవరి మీద ఎవరికి తగవో ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు.

స్వామి యుద్ధ దేవుడు. రాజు దండు కదిలితే ముందు నడిచేది ఆయనే. దండు ఇంట్లో ఉన్న ఏళ్లలో మాత్రం ఊరికే కూర్చోడు, పల్లెల తగవులు తీరుస్తాడు. రాతలేని తగవు, సాక్షిలేని తగవు, పెద్దలు తలలు పట్టుకున్న తగవు ఏదైనా ఉంటే గుడిలోంచి ఆయన ఆయుధం బయలుదేరుతుంది. మూరెడు పిడి, దాని మీద కంచుతో పోసిన గద్ద తల. ఆ పిడి పట్టుకుని అబద్ధమాడి బతికినవాణ్ణి ఈ దేశంలో ఎవరూ చూడలేదు.

దాన్ని మోసినవాడు హుజాలు. వరదలో గొంతు దాకా నీళ్లొస్తే మూటను నెత్తిన పెట్టుకుని కాలువ దాటాడు. గట్టు తెంపింది మేం కాదన్న ఊరి వాళ్లు నలభై మందిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతా పిడి పట్టించాడు. ముప్పై మూడోవాడు పట్టకముందే ఏడ్చేశాడు. మునిగిపోయిన ఎద్దు తగవు, అన్నదమ్ములు పంచుకోలేని తలుపు తగవు, పడవ తగవు, అన్నీ ఆయన వీపు మీదుగా తీరినవే. ఒకడు కళ్లార్పకుండా బొంకి ఇంటికెళ్లాడు. మూడో రోజున ఇంటి దూలం విరిగి వాడి మీదే పడింది. ఈ మాట చెప్పేటప్పుడు హుజాలు దూలాన్ని చేత్తో చూపించేవాడు, తన ఇంటి దూలాన్నే.

ఈ పనికి మూడు కట్టుబాట్లున్నాయి. ఆయుధాన్ని గర్భగుడి తలుపు దగ్గర ఉండేవాడే ఉన్ని గుడ్డలో చుట్టి, మోసేవాడి వీపున కట్టాలి. దారిలో మోసేవాడు తన చేత్తో ముట్టకూడదు. తగవు పడ్డ నేల మీద కాలు పెట్టేదాకా మూట విప్పకూడదు. మూడోది అన్నింటికంటే గట్టిది. గుడి గడప దాటాక పని పూర్తయ్యేదాకా వెనక్కి తిరగకూడదు. యుద్ధానికి బయలుదేరిన దేవుడు దారిలో వెనక్కి తిరిగితే ఓడిపోయినట్టే. ఆ తగవును మళ్లీ ఆయన్ని అడగడానికి కూడా వీల్లేదు.

స్వామి ఊరెళ్లినప్పుడు ఆయన పీట ఖాళీగా ఉండరాదని అచ్చం అలాంటిదే ఒక కొయ్య ఆయుధం గుడిలో ఉంటుంది. గద్ద తలకు రాగిరేకు తొడిగి నూనె పూసి నల్లబరిచారు. మామూలు రోజుల్లో దాని చోటు తలుపు పక్కనున్న గూడు. స్వామి వెళితే అది పీట మీదికి వస్తుంది, స్వామి వస్తే అది గూటికి పోతుంది. ఆ మార్చే పని ఇప్కాతుది. ముప్పై ఏళ్లుగా తలుపు దగ్గర ఉన్నవాడు, హుజాలుతో ఒకే కుండలో రెండు గొట్టాలు పెట్టుకుని బీరు తాగినవాడు. చెప్పబోయే తగవు నాటికి రెండేళ్లుగా రెండు కళ్లకూ పొర కమ్మి ఉంది. తడుముకుంటూనే పని చేసేవాడు.

అప్పుడు హుజాలుకు అరవై మూడేళ్లు. తగవు ఎర్రమట్టి కాలువ పక్క పల్లెలోది. షాతాయా అనే ఆమె మొగుడు కాలువ పూడిక తీస్తూ పాము కరిచి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇరవై రెండు ఖర్జూరపు చెట్లు మిగిలాయి. ఏడాది తిరగకుండానే బావగారు గిమిల్లు వచ్చి, కాలువ వైపున్న పదకొండు చెట్లూ తమ్ముడు పోయేముందు తనకు నోటిమాటగా ఇచ్చాడని అక్కడ తన సొంతమని గుర్తుగా మట్టి మేకు పాతేశాడు. నీళ్లు వచ్చేది ఆ చెట్ల మధ్య నుంచే. అవి పోతే మిగతా పదకొండూ రెండేళ్లలో ఎండిపోతాయి. రాత లేదు, సాక్షి లేడు. మాట ఇచ్చాడనేవాడే స్వామి పిడి పట్టుకుని చెప్పాలని పెద్దలు తేల్చారు. చెబితే చెట్లు వాడివి, వెనక్కి తగ్గితే ఆమెవి.

ఆ ఉదయం ఇప్కాతు మూట కట్టాడు. కట్టిన ముడి విప్పి మళ్లీ కట్టాడు. ఎప్పుడూ వీపు మీద ఒక్కటి చరిచి, “పడేశావంటే నిన్నే కట్టి పంపిస్తారు, జాగ్రత్త ముసలోడా!” అనేవాడు. ఆ రోజు అనలేదు.

“క్షేమంగా వెళ్లి రా తమ్ముడూ” అన్నాడు.

ఏమిటీ మర్యాద అనుకుంటూనే హుజాలు గడప దాటాడు.

ఆయన వెంట పెద్దల తరఫున సాక్షిగా కుబ్బురు బయలుదేరాడు. కుబ్బురు అంటే లావు అని అర్థం. పేరుకు తగ్గట్టే లావాటి మనిషి. రెండో కాలువ దాటేసరికే రొప్పుతున్నాడు.

“తాతా, కాస్త మెల్లగా! మీ వెనకాల దేవుడున్నాడు, తోస్తాడు. నా ముందు పొట్ట ఉంది, ఆపుతుంది.”

“అరవై మూడేళ్లురా నాకు. చూశావా నడక? నీ వయసులో నేను ఒక్క పూటలో రెండూళ్ల తగవులు తీర్చి మధ్యాహ్నం రొట్టె ఇంట్లో తిన్నా.”

“ఆ రొట్టె సంగతి పోయినసారి కూడా చెప్పారు. అప్పుడు మూడూళ్లు.”

హుజాలు నవ్వలేదు గానీ, మనసులో పొంగాడు. నిజంగానే ఆ రోజు నడక బాగా సాగుతోంది. మూడో కాలువ కట్ట ఎక్కాడు. అక్కడ ఒక తుమ్మచెట్టు ఉంది. ఇరవై ఏళ్లుగా సరిగ్గా ఆ చెట్టు దగ్గరే ఆయన కుడి భుజం సలుపు మొదలుపెట్టేది. చెట్టు దాటాడు. సలపలేదు. ‘ఇంకా గట్టిగానే ఉన్నాన్రా’ అనుకున్నాడు.

పది అడుగులు వేశాక ఆ గర్వం నిలవలేదు.

భుజం కుర్రదవుతుందా ఎక్కడైనా? తేలికైంది భుజం కాదు, మూట. అడుగు వేసినప్పుడల్లా కంచు తల నడుముకు తగిలి బరువుగా కదలాలి. ఇదేమో పొయ్యిలోకి తీసుకెళ్లే పుల్లలా తేలిగ్గా ఊగుతోంది. చెయ్యి వెనక్కి పోయింది. ముట్టకూడదు. ముంజేతిని మరో చేత్తో పట్టుకుని ముందుకు లాక్కున్నాడు.

“ఏం తాతా, బరువా? కాసేపు నేను మోస్తా” అన్నాడు కుబ్బురు.

హుజాలు ఠక్కున ఆగాడు. నలభై ఏళ్లలో ఏ సాక్షీ అడగని మాట అది.

“నిన్న గిమిల్లు ఇంట్లో తిన్నావట?”

“తిన్నా. చేప పెట్టాడు. అంతకుముందు షాతాయా ఇంట్లోనూ తిన్నా, ఉల్లిపాయ పెట్టింది. సాక్షి అన్నాక రెండు పక్కలా తినాలి కదా, లేకపోతే పక్షపాతం అంటారు!”

“ఎవరిది రుచిగా ఉంది?”

“చేపే. అందుకని ఉల్లిపాయ మరో రెండు అడిగి తిన్నా, సరిపోయింది. ఏంటి తాతా, నన్నలా చూస్తున్నారు? నేను మోస్తానంటే దేవుణ్ణి ఎత్తుకుపోతాననా? ఈ కాళ్లతో ఎంత దూరం పోతాను?”

ఆ మాట నిజమే. కుబ్బురు కాదు. మరి ఎవరు? పొద్దున్న విప్పి మళ్లీ కట్టిన ముడి గుర్తొచ్చింది. క్షేమంగా వెళ్లి రా తమ్ముడూ. ఆ మర్యాద. కళ్లకు పొర. పాపం, గూటిలోది ఏదో పీట మీదిది ఏదో తెలియక కట్టాడేమో. లేదా తెలిసే కట్టాడేమో. ‘ఛీ, ఇప్కాతునా?’ అని తనను తానే తిట్టుకున్నాడు. నాలుగో కాలువ దాటేసరికి ఆ తిట్టు బలం తగ్గింది, అనుమానం బలం తగ్గలేదు.

వెనక్కి తిరగడానికి లేదు. తిరిగితే స్వామి ఓడిపోయినట్టు, తగవు మళ్లీ అడగడానికి లేదు, మేకు పాతినవాడికే చెట్లు. ముందుకెళితే, దొంగ దేవుడి మీద దొంగ ప్రమాణం. అప్పుడూ వాడికే చెట్లు. ఎటు చూసినా ఆ ఆడమనిషికి ఎండిన తోటే.

తోట దగ్గర ఊరంతా గుమిగూడింది. షాతాయా ఇద్దరు పిల్లల్నీ చెరో వైపు పట్టుకుని నిలబడింది. పొద్దుటి నుంచీ పచ్చి నీళ్లు కూడా ముట్టినట్టు లేదు, పెదాలు పగిలాయి. ఆమె కళ్లు హుజాలు వీపు మీది మూటనే చూస్తున్నాయి. ఊరి వాళ్లూ అదే చూస్తున్నారు. మూట కదిలినప్పుడల్లా జనం అంగుళం వెనక్కి జరుగుతున్నారు.

గిమిల్లు మాత్రం మూట వైపు చూడలేదు. ఉతికిన బట్ట కట్టి, తలకు నూనె రాసుకుని, దోసకాయ కొరుకుతూ పక్కవాడితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. పెద్దలు తీర్పు చెప్పిన రోజు ఇతనే మూడుసార్లు వాయిదా అడిగాడు. అప్పుడు అంత భయం. ఇప్పుడు దోసకాయ దిగుతోంది.

హుజాలుకు ఒక సంగతి బాగా తెలుసు. ప్రమాణం చేసేవాళ్లలో అబద్ధమాడేవాడు వణుకుతాడు, నిజం చెప్పేవాడు అంతకంటే ఎక్కువ వణుకుతాడు. ఎక్కడ ఒక మాట తప్పు దొర్లుతుందోనని. వణకనివాణ్ణి ఆయన చూడలేదు.

“అన్నా, మా బావగారు దేవుడి ముందుకు కూడా తిండి పట్టుకొచ్చారు” అంది షాతాయా కుబ్బురుతో.

“నిజం చెప్పేవాడికి ఆకలేస్తుందమ్మా మరదలా! నువ్వు తినలేకపోతున్నావంటే నీ కడుపులో ఏముందో ఊరికి తెలుస్తూనే ఉంది” అన్నాడు గిమిల్లు. నలుగురు నవ్వారు.

అప్పుడు హుజాలు కిందికి చూశాడు. ఆ నేల మీద నిలబడ్డ వాళ్లంతా ఉత్త కాళ్లతో ఉన్నారు. చెప్పులు విడవమని ఎవరూ చెప్పలేదు. స్వామి వస్తే పసిపిల్లలు కూడా చెప్పులు గట్టు అవతలే విడుస్తారు. గిమిల్లు కాళ్లకు చెప్పులున్నాయి. పొగరుతో కాదు. మరిచిపోయాడు. వచ్చింది కొయ్యముక్క అని తెలిసినవాడి కాళ్లు మాత్రమే మరిచిపోగలవు.

కట్టింది కళ్లు కనపడక కాదన్నమాట.

ముందు కోపం రాలేదు. ముప్పై ఏళ్ల బీరు కుండ పగిలినట్టయింది. ఊరి పెద్ద “కానివ్వండి అయ్యా” అన్నాడు. హుజాలు మూట ముందుకు తిప్పుకున్నాడు, ముడి మీద వేళ్లు పెట్టాడు. ఆయన నోట నలభై ఒక్క ఏళ్లలో ఒక్క అబద్ధం రాలేదు. ఆయుధం మోసేవాడు బొంకితే స్వామి ముందు వాడి ఇంటికే వెళతాడని తనకు పని నేర్పిన తండ్రి చెప్పాడు. మూటలో స్వామి లేడు కదా, లేని స్వామి ఎదుట అన్న మాటకు పట్టింపేముందని మనసుకు సర్ది చెప్పుకోబోయాడు. చెప్పుకోబోయి ఆగిపోయాడు. గిమిల్లు వేసుకున్న లెక్క కూడా అక్షరాలా ఇదే.

చిన్నపిల్ల తల్లి కొంగు నోట్లో పెట్టుకుని నములుతోంది. దాన్ని చూశాడు.

“గిమిల్లూ, చెప్పులు” అన్నాడు.

“అరెరె!” అని గిమిల్లు నవ్వుతూ విడిచాడు. “తొందరలో చూసుకోలేదు పెద్దయ్యా.”

“మరేం ఫరవాలేదు. పొరపాట్లు అందరికీ అవుతాయి. ఇవాళ పొద్దున గుడిలోనూ అయింది.” హుజాలు గొంతు పెంచాడు, చివరి వరసకు కూడా వినపడేటట్టు. “కుబ్బురూ, నువ్వు సాక్షివి, విను. మా ఇప్కాతుకు చూపు ఆనడం లేదు. స్వామికి బదులు కొయ్యదాన్ని నా వీపున కట్టబోయాడు. నలభై ఏళ్లుగా మోస్తున్నవాణ్ణి, నా నడుముకు తెలియదా? గడప దాటకముందే విప్పించి మార్పించాను. స్వామి తానే వచ్చాడు. నువ్వు ధైర్యంగా పట్టుకో నాయనా.”

ముడి విప్పాడు. నల్లటి గద్ద తల ఎండలో మెరిసింది. పిడి గిమిల్లు వైపు చాచాడు.

గిమిల్లు చెయ్యి అప్పటికే సగం దూరం వచ్చి ఉంది. అది అక్కడే నిలిచిపోయింది. వాడి కళ్లు మొదటిసారి గద్ద ముక్కు మీద పడ్డాయి. కంచో రాగిరేకో వాడికేం తెలుస్తుంది? కిష్‌లో ఆ తేడా తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకడు ఇక్కడున్నాడు, ఒకడు తలుపు దగ్గరున్నాడు. హుజాలు ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని గిమిల్లు వెతికాడు. హుజాలు ముఖం కాలువ గట్టులా ఉంది. లోపల మాత్రం ఒకటే భయం. వీడు పట్టేస్తే? తెగించి పట్టేస్తే అంతా అయిపోయినట్టే.

“పట్టుకో మరి” అన్నాడు ఊరి పెద్ద.

“పట్టుకోండి బావగారూ” అంది షాతాయా. “ఆకలేస్తోందన్నారుగా.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. గిమిల్లు నుదుటి నూనెలోంచి చెమట దారి చేసుకుని దిగింది. చెయ్యి మెల్లగా వెనక్కి పోయి పొట్ట మీద ఆగింది.

“పెద్దయ్యా... తమ్ముడు ఇచ్చాననే అన్నాడో, ఇస్తాననే అన్నాడో... అప్పటికే వాడికి విషం తలకెక్కింది. నాకు సరిగ్గా గుర్తు లేదు.”

“గుర్తు లేని మాట మీద మేకు పాతావా?” అన్నాడు కుబ్బురు. “నాకు చేప పెట్టింది గుర్తుందా? అది కూడా లేదంటావా?”

మేకు పీకి బండకేసి కొట్టాడు, ముక్కలైంది. పదకొండు చెట్లూ షాతాయావేనని సాక్షిగా అరిచి చెప్పాడు. ఊరంతా ఒక్కసారి మాట్లాడింది. ఆ గోలలో షాతాయా వచ్చి హుజాలు చేతిలోని ఆయుధానికి నుదురు ఆనించింది. పిల్లల తలలు కూడా వంచి ఆనించింది. “నా తండ్రీ, నా కోసం ఇంత దూరం నడిచి వచ్చావా” అంటూ ఏడ్చింది. ఆమె కన్నీళ్లు రాగిరేకు మీద జారాయి. హుజాలు ఆ పిడిని పట్టుకుని నిలబడ్డాడు, మూయలేక, వద్దనలేక. ఈ మొక్కు ఎవరికి చేరుతుంది స్వామీ అని అడగబోయాడు. అడగడానికి ఆయన అక్కడ లేడు.

తిరుగు దారిలో కుబ్బురు పాటలు పాడాడు. హుజాలు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు.

గుడి తలుపు దగ్గర ఇప్కాతు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకే లేచాడు.

“వచ్చావా. ఎవరు గెలిచారు?”

“ముందు దింపు.”

ఇప్కాతు ముడి విప్పాడు. రెండు చేతులా మూట అందుకున్నాడు. హుజాలు ఊపిరి బిగబట్టి ఆ చేతుల్నే చూస్తున్నాడు. పొరపాటున కట్టినవాడైతే ఇప్పుడైనా బరువు తెలుస్తుంది, అయ్యో అంటాడు. అనాలి. అంటే కాళ్ల మీద పడి అనుమానించినందుకు క్షమించమందామని కూడా అనుకున్నాడు.

ఇప్కాతు అనలేదు. తిన్నగా గూటి దగ్గరికి నడిచి మూటను అందులో పెట్టాడు. పీట వైపు ముఖమైనా తిప్పలేదు. పెట్టాక గాని తన చేతులు ఏం చేశాయో అతనికి అర్థం కాలేదు. అలాగే గూటి అంచు పట్టుకుని ఉండిపోయాడు.

“కళ్లకు పొర కమ్మింది గానీ, చేతులకు కమ్మలేదు” అన్నాడు హుజాలు.

ఇప్కాతు మెట్టు కోసం తడుముకుని కూర్చున్నాడు. “బాబిలోను నుంచి కంటి వైద్యుణ్ణి తెప్పిస్తానన్నాడు గిమిల్లు. పొర తీసే మనిషట. ముప్పై ఏళ్లు స్వామి ముఖం చూస్తూ బతికానురా. రెండేళ్లైంది చూసి. ఒక్కసారి చూద్దామని...”

“స్వామి ముఖం చూడటానికి స్వామినే అమ్మావా?”

“ఆయన కదల్లేదుగా. పీట మీదే ఉన్నాడు. నేను పంపింది కొయ్యనే కదా అనుకున్నా.”

హుజాలు తల దించుకున్నాడు. ఆ లెక్క వేసినవాడు అతనొక్కడే కాదు మరి.

హుజాలు పెద్దలకు ఆ సంగతి చెప్పలేదు. చెబితే పదకొండు చెట్ల తీర్పూ చెల్లదు. ఇప్కాతు ఆ నెలలోనే చూపు ఆనడం లేదని తలుపు పని మానేశాడు. వైద్యుడు రాలేదు. స్వామి ముఖం కోసమే అన్న మాట నిజమో, ఉత్త కళ్ల కోసమే అనడానికి సిగ్గుపడి కల్పించిన మాటో హుజాలుకు ఏనాడూ తేలలేదు. కుండ దగ్గర ఇద్దరూ మళ్లీ కూర్చున్నారు, రెండు గొట్టాలు పెట్టుకున్నారు. కాకపోతే మొదటి గుటక ఇప్కాతు తాగాకే హుజాలు గొట్టం నోట్లో పెట్టుకునేవాడు. అది ఇప్కాతు చూడలేడు, కానీ వినేవాడు.

ఇంటి దూలాన్ని మాత్రం హుజాలు ఆ ఏడాదంతా పడుకునే ముందు తల ఎత్తి చూసుకున్నాడు. రెండు చోట్ల ఆసరా కర్రలు కూడా పెట్టించాడు. దూలం పడలేదు. స్వామి క్షమించాడో, ఇంకా బయలుదేరలేదో తెలియదు.

మరుసటి ఏడాది ఉల్లి తోట తగవొకటి వచ్చింది. కొత్త తలుపు మనిషి మూట కట్టాడు. కుబ్బురే మళ్లీ సాక్షి. మూడో కాలువ కట్ట మీద, తుమ్మచెట్టు దగ్గర, హుజాలు కుడి భుజం కత్తితో కోసినట్టు సలిపింది. ఆయన అక్కడే నిలబడి కళ్లు మూసుకున్నాడు.

“నొప్పా తాతా?”

“నొప్పే.”

“మరి నవ్వుతున్నారేంటి? సరే, ఇది నలభయ్యోది కదా?”

“ముప్పై తొమ్మిది.”

“షాతాయా తోటది వదిలేశారు తాతా! మీరు చేయించిన వాటిలో అదే గొప్పదంటుంది ఊరంతా.”

“అది నా లెక్కలోది కాదు. నడు” అన్నాడు హుజాలు, సలుపుతున్న భుజాన్ని ఇంకాస్త వంచి.